గోల్‌పోస్టు కింద పిడుగు

వచ్చినావిడ కూర్చోకుండా ముందు తలుపు గడియ పెట్టమంది.

విలేకరి లేచి గడియ పెట్టాడు. మెట్ల మీద ఎవరైనా వస్తున్నారేమోనని ఆవిడ కాసేపు చెవి వొగ్గి విన్నది. తర్వాత చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. వయసు యాభైకి దగ్గర. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. ఆసుపత్రి వాళ్ళు రోగి తాలూకు మనుషులకిచ్చే అట్టముక్క మెడలోనే ఉంది. తీయడం మరిచిపోయినట్టుంది.

బల్లకి అవతల ఉన్నామె తొందరపెట్టలేదు. ఆమె పాతికేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయరుగా చేసింది. కూలిన గోడ, కాలిన దుకాణం, బోల్తాపడిన లారీ చూసి, అది ప్రమాదమా, ఎవరైనా చేసిందా అని తేల్చడమే ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అందరూ సర్వేయరమ్మ అంటారు. ఆమె సహాయకుడు ఒకప్పుడు ఆటల పేజీ విలేకరి. పేపరు మూతపడి మూడేళ్ళయినా జనం నోట ఇంకా విలేకరే. తను చూసిందే చూసి, తనకు కనపడనిది సర్వేయరమ్మ ఎలా చూస్తుందో అతనికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

"నేను పిడుగు వాళ్ళ అక్కని," అంది వచ్చినావిడ.

విలేకరి చేతిలో కలం ఆగిపోయింది.

పిడుగు ఎవరో ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పదకొండేళ్ళు ఊరి ఫుట్‌బాల్ జట్టుకి ఆడాడు. అతని ఎడమకాలు బంతి మీదికి లేస్తే చాలు, గ్యాలరీ మొత్తం ముందే లేచి నిలబడేది. అలాంటివాడు ఆఖరి ఏడు పక్క ఊరి జట్టుకి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరుకోలేదు. ఇదే మైదానానికి వచ్చి, ఆట ముగిసిపోతుండగా సొంత ఊరి మీదే గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలుతో ఊరి జట్టు కింది డివిజన్‌లోకి పడిపోయింది. ఇప్పటికీ పైకి రాలేదు. ఆ సాయంత్రమే అతని పేరున్న చొక్కాలు నడిరోడ్డు మీద తగలబెట్టారు. అతనూ ఆట మానేశాడు. నాలుగేళ్ళ తర్వాత, పాత కోపాలు తుడిచేసుకుందామని క్లబ్బు ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టి అతన్ని పిలిచింది. మ్యాచ్‌కి ముందురోజు ప్రాక్టీసు మైదానంలో గోల్‌పోస్టు అతని మీద కూలింది. మెడ ఎముక చిట్లింది. నడుం కింద స్పర్శ లేదు.

ఆ వార్త విన్నప్పుడు విలేకరికి మొదట అయ్యో అనిపించింది. ఆ వెనకే ఇంకొకటి కూడా అనిపించింది. అదేమిటో అతను ఎవరికీ చెప్పలేదు.

"పోలీసులేమంటున్నారమ్మా?" అడిగింది సర్వేయరమ్మ.

"మొదట ప్రమాదమన్నారండీ. మొదటొచ్చిన బెదిరింపు కాగితం చూపించాక దర్జీ పనే అంటున్నారు."

దర్జీ అంటే అభిమాన సంఘానికి జెండాలు కుట్టే మనిషి. గ్యాలరీలో పెద్ద డ్రమ్ము కొట్టేదీ అతనే. పిడుగు వస్తున్నాడని తెలిసిన రోజు సంఘం మీటింగులో మైకు పట్టుకుని, "వాడి కాలు విరిగిన రోజు ఊరంతా వినపడేలా డ్రమ్ము కొడతా" అన్నాడు. ఇప్పుడు దుకాణానికి తాళం పెట్టి కనపడకుండా పోయాడు.

ఆవిడ రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. రెండూ అభిమాన సంఘం కరపత్రాలే. వెనకవైపు ఖాళీలో, కావాలని చెయ్యి మార్చి రాసినట్టు వంకరటింకర అక్షరాలు.

మొదటిది: "తొంభయ్యో నిమిషంలో మా కడుపు మీద కొట్టావు. ఆ గడ్డి మీద మళ్ళీ కాలు పెట్టావో, లేవవు. ఇట్లు గ్యాలరీ."

రెండోది: "ఊపిరి ఇంకా ఉందా? ఎన్నాళ్ళు? ఇట్లు గ్యాలరీ."

"మొదటిది మ్యాచ్‌కి రెండు రోజుల ముందు మా ఇంటి తలుపు కింద పడుంది. తమ్ముడు నవ్వేశాడు. ఇలాంటివి నాకు బస్తాల లెక్కన వచ్చేవక్కా అన్నాడు. రెండోది..." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "రెండోది నిన్న వాడి దిండు గలీబులో దొరికింది. పక్కబట్ట మారుస్తుంటే నర్సు చేతికి తగిలింది. వాడి తల కింద ఉందండీ అది. నేను పక్కనే కూర్చునున్నాను."

"గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"నేను, మావారు, డాక్టరు, నర్సు. క్లబ్బు కార్యదర్శి ఒక్కసారి వచ్చారు. నిన్న అభిమానులు నలుగురు పూలు పెట్టి వెళ్ళారు. వాళ్ళెవరో నాకు తెలీదు." ఆవిడ ముందుకు వంగింది. "వాడి గొంతులో గొట్టం ఉంది. రేపు పొద్దున తీస్తామన్నారు. తీస్తే మాట్లాడతాడు. ఆ సంగతి ఊరంతా పాకింది. వాడు నోరు విప్పకముందే వచ్చి పని పూర్తి చేస్తారని నాకు భయంగా ఉంది. ఆరు రోజుల నుంచి ఆ తలుపుకేసే చూస్తున్నాను. చెప్పుల చప్పుడైతే లేచి నిలబడుతున్నాను. ఇక నావల్ల కావడం లేదని మావారు ఇవాళ సాయంత్రం ఆరింటి నుంచి తను కూర్చుంటానన్నారు."

"మీవారంటే?"

"ఊరి జట్టు కోచ్ ఆయనే."

సర్వేయరమ్మ తన నోటుబుక్కులో ఒకే ముక్క రాసుకుంది. సాయంత్రం ఆరు.

*

ప్రాక్టీసు మైదానం పెద్ద స్టేడియం వెనక ఉంది. చుట్టూ రేకుల ప్రహరీ, ఒకే గేటు. కూలిన గోల్‌పోస్టుని మళ్ళీ లేపి నిలబెట్టారు. అది నేలలో పాతింది కాదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకునే రకం. దాని వెనక నేలకి ఆనుకుని ఉండే ఇనపకమ్మీ మీద ఆరు ఇసుకమూటలు బరువు పెడతారు.

విలేకరి జేబులోంచి ఒక ఫొటో తీశాడు. ప్రమాదం జరిగిన సాయంత్రం పెద్ద మైదానంలో ఏర్పాట్ల ఫొటోలు తీస్తున్న అతని పాత స్నేహితుడొకడు, కేకలు విని పరిగెత్తుకొచ్చి తీసింది. ముందుకు బోర్లాపడిన గోల్‌పోస్టు. దాని కింద నుంచి మనిషిని లాగుతున్న నలుగురు. వెనక గడ్డి మీద ఆరు మూటలు వరసగా, ముళ్ళు వేసిన మూతులు వల వైపు తిరిగి ఉన్నాయి.

"పిడుగు ఎలా పడ్డాడో చెప్పు," అంది సర్వేయరమ్మ.

"ప్రాక్టీసు అయ్యాక ఎగిరి పైకమ్మీ పట్టుకుని పది లెక్కపెట్టేదాకా ఊగుతాడండీ. నడుం సాగాలని. కుర్రప్పటి నుంచీ అలవాటు. ఆ ఫొటో లేని మంగలిషాపు ఊళ్ళో లేదు."

"అయితే అందరికీ తెలుసన్నమాట."

మైదానం చూసుకునే ముసలాయన చీపురు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆటగాళ్ళు గడ్డితాత అంటారు. దగ్గరికి పిలిస్తే వచ్చాడు గానీ కళ్ళెత్తలేదు.

"నా తప్పేం లేదమ్మా. మూటలు తీయలేదు నేను. కావాలంటే ఫొటోలో చూడండి, ఆరూ ఉన్నాయి. పోస్టు పాతబడింది, నువ్వు చూసుకోవాలిగా అంటున్నారు. ముప్ఫయ్యేళ్ళ నౌకరీ. ఊళ్ళో సగంమంది నన్ను తిడుతున్నారు, మిగతా సగం భుజం తడుతున్నారు. ఆ తట్టేవాళ్ళని చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

"ఆ సాయంత్రం నువ్వెక్కడున్నావు తాతా?"

"పెద్ద మైదానంలో. గీతలు చెదిరాయి, మళ్ళీ సున్నం వెయ్యమని కోచ్ బాబు పంపించాడు. లోపల పిడుగు బాబూ ఆయనే మిగిలారు, నేను గేటుకి తాళమేసి వెళ్ళా. పని సగంలో ఉండగా ఆయన కేక వినపడింది. ఉరికొచ్చా."

"ఆ మూటలొకసారి తీసి మళ్ళీ పెట్టు, చూస్తాను."

తాత వింతగా చూసి ఒక్కో మూటా దించి, మళ్ళీ కమ్మీ మీదికెత్తాడు. ఒక్కోటి పాతిక కిలోలుంటుంది. అన్నిటి మూతులూ వల నుంచి బయటివైపుకి తిప్పి పెట్టాడు.

"మూతులు అటే ఎందుకు?"

"ఇటు పెడితే ఇంకేమైనా ఉందా! వల్లో పడ్డ బంతి ఎగిరొచ్చి ముడికి తగుల్తుంది. నాలుగు దెబ్బలకి ముడి ఊడి ఇసకంతా గడ్డి పాలు. ఈ పని నేర్చుకున్న మొదటివారమే మా నాన్న చేత మొట్టికాయలు తిన్నాను దీనికోసం."

సర్వేయరమ్మ స్టేడియం మీది పెద్ద గడియారం వైపు చూసింది. "పదకొండున్నరేనా ఇంకా?"

విలేకరి నవ్వాడు. "దాన్ని నమ్మకండి. ఐదు నిమిషాలు వెనకుంటుంది. బాగుచేయించమంటే సంఘంవాళ్ళు ఒప్పుకోరు, మన జట్టుకి ఐదు నిమిషాలు ఎక్కువ దొరుకుతాయట! పిడుగు కొట్టిన ఆ గోలు తొంభయ్యో నిమిషమని పేపర్లో రాసినందుకు ఆఫీసు మీదికొచ్చారు నా మీద. గ్యాలరీలో అందరూ చూసింది ఎనభై అయిదు. రిఫరీ లెక్క చెప్పాను, వినరే! ఇప్పటికీ ఊళ్ళో ఎవరినడిగినా ఎనభై అయిదే."

"ఎనభై అయిదే కదా మరి," అన్నాడు తాత, గొణుగుతూ.

*

క్లబ్బు కార్యదర్శి పొట్టి మనిషి. మాట్లాడుతూనే బల్ల మీది కాగితాలు సర్దుతాడు. ప్రమాదం జరిగిన సాయంత్రం అతను క్లబ్బులో లేడు. మ్యాచ్‌కి వచ్చే పాత ఆటగాళ్ళని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళాడు. ఆరుగురు సాక్షులు.

"పిడుగుని మళ్ళీ పిలవడం ఎవరి ఆలోచన?"

"నాదే. తిట్లూ నాకే. ఒకాయన మా ఆవిడకి ఫోన్ చేసి మరీ తిట్టాడు." అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అసలు సంగతొకటుందండీ. వచ్చే సీజన్ నుంచి పిడుగునే కోచ్‌గా పెట్టాలని కమిటీ అనుకుంది. ఆర్డరు కాగితం కూడా వారం ముందే టైపు చేయించి ఈ బల్ల మీదే ఉంచాను. ప్రమాదం జరిగిన రోజు ఉదయం అతనికి ఫోన్ చేసి చెప్పాను. ఒప్పుకోలేదు. అది మా బావ కుర్చీ, అందులో నేను కూర్చోనన్నాడు. ఖచ్చితంగా చెప్పేశాడు. ఇంకెవరికీ ఈ విషయం తెలియనివ్వలేదు."

"కోచ్ గారు కూర్చునేదెక్కడ?"

"ఇదే గది. అదిగో ఆ మూల."

బయటికొచ్చాక విలేకరి నిట్టూర్చాడు. "ఒక్కడి మీద అనుమానం పోయిందండీ. పిడుగు ఆ పని వద్దనేశాక కోచ్‌కి అతని మీద పగేముంటుంది?"

సర్వేయరమ్మ నడక వేగం పెంచింది.

*

ఆసుపత్రి గేటు ముందు రోడ్డు రెండుగా చీలినట్టుంది. ఎడమపక్క పూలు, కొవ్వొత్తులు, పిల్లలు గీసిన బొమ్మలు. కుడిపక్క చిరిగిన బూట్ల గుట్ట. ఎవరి పాతబూటు వాళ్ళు తెచ్చి అక్కడ విసిరేసి పోతున్నారు. రెండింటి మధ్యా కూరగాయల సంచీతో ఒకామె, బస్సు డ్రైవరు యూనిఫారంలో ఒకతను వాదించుకుంటున్నారు.

"అంత పాడు మనసేమిటయ్యా నీకు? మనిషి చావుబతుకుల్లో ఉంటే బూటు తెస్తావా?"

"ఆ కాలేగా మనల్ని ముంచింది!"

"ఆ కాలేగా పదకొండేళ్ళు మోసింది! సరే, అంత కోపమైతే మూడు రోజుల నుంచి డ్యూటీ దిగి ఇక్కడికే ఎందుకొస్తున్నావు?"

డ్రైవరు బూటు వైపు చూశాడు, పూల వైపు చూశాడు. "ఏమో. ఇంట్లో కూర్చోబుద్ధి కావట్లేదు."

గోడవారగా ముఖానికి తువ్వాలు చుట్టుకున్న ఒకడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. టక్ టక్, టటక్. ఆ తాళం విలేకరి గ్యాలరీలో వందసార్లు విన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఏం దర్జీ, పోలీసులు ఊరంతా వెతుకుతుంటే వాళ్ళ ముక్కు కిందే కూర్చున్నావే?"

దర్జీ లేచి పారిపోబోయాడు. సర్వేయరమ్మ అడ్డంగా నిలబడింది. "పరిగెడితే నువ్వేనని ఊరు నమ్మేస్తుంది బాబూ. ఆ సాయంత్రం ఎక్కడున్నావో చెప్పు, చాలు."

అతను మళ్ళీ గోడవారకి చేరాడు. "రేకుల గోడ వెనక. కన్నంలోంచి చూస్తున్నా."

"ఎందుకు?"

"ఆ ఎడమకాలు ఇంకోసారి చూద్దామని. ఎవరికీ చెప్పకండమ్మా, పరువు పోతుంది. మైకులో అన్ని మాటలన్నానా! మర్నాడు మ్యాచ్‌కి ఏ మొహంతో వెళ్ళను? అందుకే దొంగచాటుగా వెళ్ళా. బంతి కొట్టడం కనపడింది. గోల్‌పోస్టు ఆ కన్నానికి అందదు. అన్న అటు వెళ్ళాడు. ధడేల్‌మంది. ఆ తర్వాత..."

"కేక వినపడిందా?"

"లేదమ్మా. అదే నన్ను చంపుతోంది. ఎవరూ అరవలేదు. ఏదో సన్నగా మూలిగినట్టు, ఆపైన గడ్డి మీద బరువుగా ఏదో ఈడుస్తున్న చప్పుడు. ఈడవడం, ఆగడం. ఈడవడం, ఆగడం. పిడుగన్న పాక్కుంటూ నాకేసే వస్తున్నాడనుకున్నా. కాళ్ళు కదల్లేదు నాకు. డ్రమ్ము కొట్టేవాణ్ణి కదా, లోపల లెక్క దానంతటదే నడుస్తుంటుంది. నూట ముప్ఫై దాకా వచ్చాక అప్పుడు కోచ్ గారి కేక వినపడింది. నేను కోరుకున్నదే జరిగిందని తెలిసి పారిపోయా."

"ఆ గోలు ఎన్నో నిమిషంలో పడింది దర్జీ?"

అంత భయంలోనూ అతని కళ్ళు ఎర్రబడ్డాయి. "ఎనభై అయిదు. సమాధి మీద రాయించుకుంటా."

పై అంతస్తులో, వార్డు ముందు వరండాలో కోచ్ కనపడ్డాడు. పొడగరి. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, దుఃఖంలో ఉన్న మనిషి ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. అడిగినవాటికి ఓపిగ్గా జవాబులిచ్చాడు.

"ఆఫీసులో మర్నాటి జట్టు జాబితా రాసుకుంటున్నానండీ. చప్పుడు విన్నాను, పరిగెత్తాను. చూస్తూనే గట్టిగా అరిచాను. నా తమ్ముడిలాంటివాడు. చేతుల్లో పెంచాను."

"అభిమానులకి ఇంత కక్షా?" అంది సర్వేయరమ్మ, జాలిగా. "ఒక్క గోలు కోసం?"

"ఒక్కటే గానీ, పడాల్సిన సమయంలో పడింది. తొంభయ్యో నిమిషం. మా బెంచీ దగ్గర స్టాప్‌వాచ్ నా చేతిలోనే ఉంది. ఇంకొక్క నిమిషం ఆగితే గట్టెక్కేవాళ్ళం." అతను చేతిగడియారం చూసుకున్నాడు. "మా ఆవిడని ఇంటికి పంపించి ఆరింటికి నేను కూర్చుంటాను. ఇలాగైతే తను పడిపోతుంది."

సర్వేయరమ్మ వరండా చివరి దాకా మామూలుగానే నడిచింది. మలుపు తిరిగాక విలేకరి మోచెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె భయపడగా అతను చూడటం అదే మొదలు.

"ఇన్‌స్పెక్టరుని పిలువు. కార్యదర్శిని, తాతని, దర్జీని కూడా. ఐదింటికల్లా ఇక్కడుండాలి. అందరూ వచ్చేదాకా నువ్వు ఆ గదిలోంచి కదలకు. అక్కగారు లేచి వెళ్ళినా సరే, పిడుగుని ఎవరితోనూ ఒంటరిగా వదలకు. ఎవరితోనూ."

*

వార్డు పక్కనున్న వెయిటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో అందరూ కూర్చున్నారు. దర్జీ పక్కన ఇన్‌స్పెక్టరు. అక్క తలుపు దగ్గర, తమ్ముడి గది కనపడేలా. కోచ్ ఆవిడ పక్కన. అద్దంలోంచి మంచం, దాని పక్కనున్న యంత్రం మీద పాకే పచ్చగీత కనపడుతున్నాయి.

"ముందు మూటల సంగతి," అంది సర్వేయరమ్మ. "ఆరు మూటలు నూటయాభై కిలోలు. అవి కమ్మీ మీద ఉంటే ఒక మనిషి ఊగినంత మాత్రాన పోస్టు పడదు. ఒకవేళ పడినా, వెనక కమ్మీ పైకి లేస్తుంది, మూటలు జారి చెల్లాచెదురవుతాయి. ఫొటోలో ముత్యాల్లా వరసగా ఉన్నాయి. అంటే పోస్టు పడకముందు తీసేసి, పడ్డాక మళ్ళీ తెచ్చి పేర్చారు."

"తీసింది తాతే అయ్యుండొచ్చుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముప్ఫయ్యేళ్ళుగా తాత మూతులు బయటికే పెడుతున్నాడు. తీసి మళ్ళీ పెట్టమంటే నా ముందూ అలాగే పెట్టాడు. ఫొటోలో అన్ని మూతులూ లోపలికున్నాయి. ఇనపకమ్మీ మీద బరువుండాలని తెలిసినవాడు, రోజూ దాన్ని మోయనివాడు పెట్టిన పెట్టుడది."

తాత మొదటిసారి తలెత్తాడు.

"ఇక ఉత్తరాలు. దర్జీ రాశాడన్నారు. ఈ ఊరి అభిమాని ఎవడైనా ఆ గోలుని తొంభయ్యో నిమిషం అంటాడా ఇన్‌స్పెక్టర్ గారూ? మీరు చెప్పండి, ఎన్నో నిమిషం?"

"ఎనభై అయిదు," అని ఆయన నోట వచ్చేసింది. వెంటనే సర్దుకుని కూర్చున్నాడు.

"గ్యాలరీలో ఉన్నవాళ్ళు స్టేడియం గడియారం చూశారు. అది ఐదు నిమిషాలు వెనక. అభిమానిలా నటించి రాసినవాడు ఆ రోజు గ్యాలరీలో లేడు. వేరే గడియారం చూస్తున్నాడు." ఆమె నెమ్మదిగా తిరిగింది. "ఇవాళ మధ్యాహ్నం నాకు తొంభై అని చెప్పింది ఒక్కరే. స్టాప్‌వాచ్ తన చేతిలోనే ఉందన్నారు కూడా."

కోచ్ నవ్వబోయాడు. "గడియారం సరిగ్గా చూడటం నేరమా అండీ?"

"కాదు. పడిన మనిషిని చూస్తూనే అరిచానన్నారు మీరు. దర్జీ లెక్క నూట ముప్ఫై. ఆ లెక్క జరిగినంతసేపూ గడ్డి మీద ఏదో ఈడ్చిన చప్పుడు. గేటు లోపల ఉన్నది ముగ్గురే. పిడుగు పోస్టు కింద ఉన్నాడు. తాతని మీరే సున్నం వంకతో పెద్ద మైదానానికి పంపారు. మిగిలింది మీరు. ముందు నేరాన్ని అభిమానుల మీదికి తోద్దామని ఉత్తరం రాశారు. తీరా పడ్డాక, బయటివాళ్ళు గేటు దాటి రాలేరని గుర్తొచ్చింది. కంగారులో మూటలు పేర్చి ప్రమాదంలా చేశారు. పోలీసులు దర్జీ వెంట పడ్డారని తెలియగానే మళ్ళీ పాత కథకే వెళ్ళి, రెండో ఉత్తరం దిండులో పెట్టారు. ఇవాళ ఆరింటికి మీరు కూర్చుంటే, రాత్రికి పిడుగు ఊపిరి ఆగేది, రేపు పొద్దున ఆ తప్పు కూడా గ్యాలరీ మీదికే పోయేది."

అక్క కుర్చీ అంగుళం పక్కకి జరిగిన చప్పుడు అందరికీ వినపడింది.

"కారణం?" అన్నాడు కోచ్. "నాకేం కారణముంది?"

"బల్ల మీది ఆర్డరు కాగితం చూశారు మీరు."

అప్పుడతను విరిగిపోయాడు. "చూశాను! పదిహేనేళ్ళు ఈ జట్టుకి చాకిరీ చేశాను. ఒక్కడు నన్ను కోచ్ అన్లేదు. పిడుగు బావ! బజారుకెళ్తే పిడుగు బావ, బడికెళ్తే పిడుగు బావ. వాడు వెళ్ళిపోయి మమ్మల్ని ముంచాడు, అప్పుడూ తిట్లు పిడుగు బావకే. చివరికి మిగిలిన ఆ కుర్చీ కూడా వాడికే కావాలా?"

సర్వేయరమ్మ కార్యదర్శి వైపు చూసింది. అతను బల్ల లేక, చేతిలో రుమాలునే మడతలు పెడుతున్నాడు.

"వద్దన్నాడు," అన్నాడు కార్యదర్శి, తలెత్తకుండా. "ఆ ఉదయమే. అది మా బావ కుర్చీ, అందులో నేను కూర్చోనన్నాడు. సాయంత్రం ప్రాక్టీసయ్యాక మీకు తనే చెప్తానన్నాడు."

కోచ్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ముడుచుకుపోయాడు.

అక్క అతని వైపు తిరిగింది. ఏడవలేదు, అరవలేదు. "ఒక్కటి చెప్పండి. మీరు మూటలు పేరుస్తున్నంతసేపూ వాడికి తెలివుందా? మిమ్మల్ని పిలిచాడా?"

అతను అద్దంలోంచి మంచం వైపు చూశాడు.

"పిలిచాడు," అన్నాడు చివరికి. "బావా అని. రెండుసార్లు."

ఆవిడ లేచి తమ్ముడి గదిలోకి వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టరు కోచ్‌ని వెనకమెట్ల మీదుగా తీసుకెళ్ళాడు. ముందువైపు జనం ఉన్నారు. వాళ్ళు ఏ పక్షమైనా ఆ క్షణంలో ఏం చేస్తారో చెప్పలేం.

*

మర్నాడు ఉదయం గొట్టం తీశారు. పిడుగు మాట్లాడగలడు గానీ, నడుం కింద మాత్రం ఏ మార్పూ లేదు. ఇక ఉండదని డాక్టరు అక్కకి విడిగా చెప్పాడు.

తొమ్మిదింటికి దర్జీని లోపలికి పంపమన్నది పిడుగే. సర్వేయరమ్మ, విలేకరి తలుపు దగ్గరే ఆగారు. దర్జీ మంచానికి మూడడుగుల దూరంలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"పొద్దుట్నించీ వచ్చినవాళ్ళంతా ఏడుస్తున్నారు," అన్నాడు పిడుగు. గొంతు బొంగురుగా, గాలి ఎక్కువై వస్తోంది. "బూట్లు విసిరినవాళ్ళు కూడా ఏడుస్తున్నారట. నువ్వూ అందుకే వచ్చావా?"

"లేదన్నా." దర్జీ ఒక అడుగు ముందుకేశాడు. "నేనా గోలు మరిచిపోలేదు. మరిచిపోను కూడా."

నర్సు గాభరాగా ముందుకొచ్చింది. అక్క చెయ్యి పట్టి ఆపింది.

మెడకి పట్టీ ఉంది, పిడుగు తల తిప్పలేడు. కళ్ళు మాత్రం తిప్పి అతన్ని చూశాడు. "బాగా కొట్టానా?"

దర్జీకి ఒక్కసారిగా దుఃఖం ముంచుకొచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, తమాయించుకుని, మళ్ళీ తీశాడు. "పైమూలకి పోయింది. మన గోల్‌కీపరు కదల్లేదు కూడా. అంత మంచి గోలు ఈ మైదానంలో నేను చూళ్ళేదన్నా. అందుకే కోపం."

పిడుగు కళ్ళు మూసుకున్నాడు. ఆరు రోజుల తర్వాత ఆ ముఖం మీద అతని అక్కకి గుర్తున్న మనిషి కాస్త కనపడ్డాడు.

"రేపు కూడా రా," అన్నాడు. "వచ్చి తిట్టు."